నాలుగా? నలుగురా?

మా అత్తగారు తెనాలిలో ఉంటారు. ఆదివారం పొద్దున్న మేము కాఫీ తాగే వేళకి ఆవిడ భోజనం ముగించి నడుం వాలుస్తారు. ఫోన్ చేసేది ఆ వేళకే. ఒక ఆదివారం మావాడు, అప్పటికి వాడికి ఏడేళ్ళు, ఫోన్ అందుకున్నాడు. వాడి చేత నాలుగు తెలుగు మాటలు పలికిద్దామని ఆవిడ "మీ ఇంట్లో ఎంతమంది ఉంటార్రా కన్నా?" అని అడిగారు. వాడు మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, వేళ్ళు లెక్కపెట్టుకుని "నాలుగు" అన్నాడు.

"నాలుగేమిట్రా, గేదెలా? నలుగురం అనాలి నాన్నా!" అని ఆవిడ పగలబడి నవ్వారు. మేమూ నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు. ఫోన్ నాకిచ్చేసి పైకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత మూడు వారాలు అమ్మమ్మతో మాట్లాడమంటే "హోంవర్క్ ఉంది" అన్నాడు.

తప్పు వాడిది కాదు. డబ్లిన్ వచ్చిన కొత్తల్లో వాణ్ణి చేర్పించిన ఒక శిశు పాఠశాలలో, వాడు ఎక్కువగా మాట్లాడడం లేదని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండని మాకు సలహా ఇచ్చారు. చదువుకున్న వాళ్ళం, ఎదురు ప్రశ్న వెయ్యకుండా రెండేళ్ళు ఆ సలహా పాటించాం. మా అమ్మాయి వాడికంటే ఎనిమిదేళ్ళు పెద్దది, ఇక్కడికి వచ్చేటప్పటికే దానికి తెలుగు గట్టిపడింది. వీడికి మాటలొచ్చే వయసులో మేం వాడి ముందు నోరు కట్టుకున్నాం. తరవాత మళ్ళీ తెలుగు మొదలుపెట్టాం గానీ "ఇద్దరు, ముగ్గురు" అనే వరస వాడికి పట్టుబడలేదు. అన్నం, నీళ్ళు, చెప్పులు, బస్సు అన్నీ వచ్చాయి. మనుషుల్ని లెక్కపెట్టడం ఒక్కటీ రాలేదు.

దీనికి మందు మా ఇంట్లోనే దొరికింది, అదీ జపనీసు నోట్సులో.

ఇక్కడ జూనియర్ సైకిల్ అయ్యాక పిల్లలకి ట్రాన్సిషన్ ఇయర్ అని ఒక ఏడాది ఉంటుందని ఇక్కడి పాఠకులకి తెలుసు. పరీక్షల బెడద లేకుండా కొత్తవి రుచి చూసే ఏడాది అది. పోస్ట్ ప్రైమరీ లాంగ్వేజెస్ ఇనీషియేటివ్ పేరుతో 2000లో ఈ దేశంలో ఒక కార్యక్రమం మొదలై, బళ్ళలో ఫ్రెంచి, జర్మన్ తప్ప వేరే భాషలకి పెద్దగా చోటులేని కాలంలో స్పానిష్, ఇటాలియన్, రష్యన్‌తో బాటు జపనీసుని కూడా తెచ్చింది. 2004 నాటికి లీవింగ్ సర్ట్‌లో జపనీసు పరీక్ష కూడా వచ్చింది. అలా మా అమ్మాయి ట్రాన్సిషన్ ఇయర్‌లో జపనీసు తీసుకుంది. కార్టూన్ల మోజు తప్ప వేరే కారణం లేదు.

మొదటి నెలంతా పాటలు పాడుకుంటూ నేర్చుకుంది. రెండో నెలలో లెక్కపెట్టడం వచ్చి పడింది, దాంతో ఇంట్లో గోల. జపనీసులో 'మూడు పెన్సిళ్ళు' అని ఊరికే అనెయ్యడానికి లేదట. పెన్సిలు, సీసా, చెట్టు, గొడుగు లాంటి పొడుగాటి వాటికి 'హోన్' అనే మాట చేర్చాలి. కాగితాలు, చొక్కాలు, టిక్కెట్లు, అంటే పలచగా ఉండేవాటికి 'మై'. పుస్తకాలకి 'సత్సు'. కార్లకీ యంత్రాలకీ 'దై'. పిల్లికీ కుక్కకీ చేపకీ 'హికి'. పిట్టలకి 'వా'. కుందేలు నాలుగు కాళ్ళ జంతువే అయినా దాన్ని కూడా పిట్టలాగే 'వా' అని లెక్కపెట్టడం ఆచారం. మన ధర్మశాస్త్రాల్లో ఉండే మినహాయింపులు గుర్తొచ్చాయి నాకు.

ఇవి చాలవన్నట్టు, అంకెని బట్టి ఆ మాట రూపం కూడా మారుతుంది. ఒకటైతే 'ఇప్పోన్', రెండైతే 'నిహోన్', మూడైతే 'సాంబోన్'. అదే 'హోన్' ఒకచోట 'ప్పోన్', ఒకచోట 'బోన్' అయి కూర్చుంది. ఏ మాట వాడాలో తోచనప్పుడు కొత్తవాళ్ళని ఆదుకునేది 'హితోత్సు, ఫుతాత్సు' అనే వరస. అది పది దాకా నడుస్తుంది, చాలా వస్తువులకి చెల్లిపోతుంది. మనుషులకి మాత్రం చెల్లదు. మనుషులకి ప్రత్యేకంగా ఒక్కరైతే 'హితొరి', ఇద్దరైతే 'ఫుతరి', ముగ్గురైతే 'సన్నిన్', నలుగురైతే 'యొనిన్'.

"ఇంత పిచ్చి భాష ఎక్కడన్నా ఉందా నాన్నా? మనుషులకి వేరే అంకెలేమిటి?" అంది అమ్మాయి.

దాని పక్కన కూర్చున్న తమ్ముడు తన ఐరిష్ పుస్తకంలోంచి తల ఎత్తకుండా "మాకూ ఉన్నాయి" అన్నాడు.

వాడి పుస్తకం తీసి చూశాను. ఐరిష్‌లో మామూలు అంకెలు: దో, త్రీ, క్యాహిర్, కూగ్. రెండు, మూడు, నాలుగు, అయిదు. వస్తువులకి ఇవే, కాస్త మార్పుతో. మనుషులకి వచ్చేటప్పటికి వేరే వరస: బెర్చ్, త్రూర్, క్యాహ్రర్, కూగ్యర్, షెషర్, షఖ్తర్, ఒఖ్తర్, నీనూర్, దెహ్నూర్. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు... పదిమంది. 'నా కుటుంబం' అనే పాఠంలో వాడు 'క్యాహ్రర్' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. టీచరు పక్కన నక్షత్రం బొమ్మ పెట్టింది. తెలుగులో "నాలుగు" అన్నవాడు ఐరిష్‌లో "నలుగురు" అని తప్పు లేకుండా రాశాడన్న మాట.

నేను వాడికి చెప్పింది ఒక్కటే వాక్యం. "క్యాహిర్‌కీ క్యాహ్రర్‌కీ ఏం తేడా ఉందో, నాలుగుకీ నలుగురికీ అదే తేడా." వాడు ఒక్క క్షణం ఆలోచించి, "అయితే కూగ్యర్‌ని ఏమంటారు?" అని అడిగాడు. ఆ సాయంత్రం ఏడుగురి దాకా వచ్చేశాం.

వాడికి ఆ రాత్రితో పని అయిపోయింది. నాకు అక్కణ్ణించి మొదలైంది.

ఐరిష్‌లో ఈ వరస చాలా పాతది. ఎనిమిదో శతాబ్దం నించీ దొరికే పాత ఐరిష్‌లోనే త్రియర్, కెథ్రర్, కోగెర్ అనే రూపాలున్నాయి. ఈ మాటల చివరున్న 'అర్' ఏమిటంటే, 'ఫెర్' అనే మాట అరిగిపోగా మిగిలిన ముక్క అని భాషావేత్తలు చెబుతారు. ఫెర్ అంటే మగమనిషి. ఇవాళ్టి ఐరిష్‌లో బాత్రూము తలుపుల మీద మగవాళ్ళకని రాసి ఉండే 'ఫిర్' దాని బహువచనమే. ఈ ఫెర్‌కి లాటిన్‌లో చుట్టం 'విర్', సంస్కృతంలో చుట్టం 'వీర'. అంటే మావాడు 'కూగ్యర్' అన్నప్పుడల్లా దాని కడుపులో 'అయిదుగురు వీరులు' దాక్కుని ఉన్నారు. మగవాళ్ళ పేరు మీద పుట్టిన మాటే అయినా తరవాత ఆడవాళ్ళకీ వర్తించింది. ముగ్గురు ఆడవాళ్ళున్నా 'త్రూర్' అనే అంటారు.

మన సంగతి చూద్దాం. ఇవాళ మనం ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటున్నాం. పాత కావ్యాల్లో ఇరువురు, మువ్వురు, నలువురు కనిపిస్తాయి. అయిదుగురికి 'ఏవురు' అని చక్కటి మాట ఉండేది. తమిళంలో ఇరువర్, మూవర్, నాల్వర్, ఐవర్. చివరున్న ఆ 'రు', 'అర్' మన 'వారు'లో ఉన్నదే, మనుషుల బహువచనానికి గుర్తు. ఐరిష్ వాళ్ళు అంకెకి 'మనిషి'ని అతికించారు, మనవాళ్ళు 'వారు'ని అతికించారు. రెండు భాషలకీ ఏ చుట్టరికమూ లేదు, వాళ్ళది ఇండో-యూరోపియన్ కుటుంబం, మనది ద్రావిడ కుటుంబం. అయినా చివర 'ర'కారం మోగడం కేవలం కాకతాళీయమే. ఈ కాకతాళీయమే మావాడికి పాఠం చెప్పింది కాబట్టి దాన్ని నేను తక్కువ చెయ్యను.

మన వరసలో ఇంకొక విశేషం ఉంది. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో ఆడవాళ్ళకి జరిగే అన్యాయం అందరికీ తెలిసిందే. "వాడు వచ్చాడు" అంటాం, "అది వచ్చింది" అంటాం, ఆ 'వచ్చింది' అమ్మాయికీ ఆవుకీ ఒకటే. ఇద్దరయ్యేటప్పటికి మాత్రం ఆడదీ మగవాడూ ఒకే బల్లమీద కూర్చుంటారు. ఇద్దరన్నా వస్తారు, ఇద్దరక్కలన్నా వస్తారు. ఆవులు మాత్రం రెండే, వస్తాయి. ఆదిలాబాద్ వైపు మాట్లాడే కొలామీ భాషలో ఇద్దరు మగవాళ్ళైతే 'ఇద్దర్', ఇద్దరు ఆడవాళ్ళైతే 'ఈరల్', రెండు వస్తువులైతే ఇంకొకటి. మన తెలుగు ఆ తేడా పెట్టుకోలేదు.

ద్రావిడ భాషల అంకెలన్నిటినీ పక్కపక్కన పెట్టి వాటి స్వరూపాన్ని చర్చించిన పాత పుస్తకాల్లో ముఖ్యమైనది 1856లో వచ్చిన రాబర్ట్ కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం. అందులో సంఖ్యావాచకాలకే ఒక భాగం ఉంది. కాల్డ్వెల్ అంటే తిరునెల్వేలి వైపు పనిచేసిన బిషప్పుగా మనకి తెలుసు. ఆయన 1814లో పుట్టింది ఇక్కడే, ఐర్లండులో, యాంట్రిమ్ కౌంటీలోని క్లేడీ అనే చోట. తల్లిదండ్రులు స్కాట్లండు వాళ్ళు, ఆయనకి పదేళ్ళ వయసప్పుడు గ్లాస్గో వెళ్ళిపోయారు. 1838లో మద్రాసులో దిగాడు, ఇడైయన్‌గుడిలో స్థిరపడ్డాడు, 1891లో పోయాడు. దక్షిణ భారత భాషలు సంస్కృతం నించి పుట్టలేదని 1816లోనే ఎఫ్. డబ్ల్యు. ఎలిస్ అన్నాడు. అదీ క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. కాల్డ్వెల్ దాన్ని పూర్తి గ్రంథం చేశాడు. ద్రావిడ భాషలకి 'స్కిథియన్' భాషలతో చుట్టరికం కలపాలని ఆయన పడ్డ తాపత్రయాన్ని ఇవాళ భాషావేత్తలు ఒప్పుకోరు. అంకెల పోలికలు మాత్రం ఇప్పటికీ చదవదగ్గవి.

ఇటునించి అటు ఒక మనిషి వెళ్ళినట్టే, అటునించి ఇటు ఒక పుస్తకం వచ్చింది. డబ్లిన్‌లో 1830లో పుట్టిన విట్లీ స్టోక్స్ 1862లో ఇండియా వెళ్ళి, మన న్యాయశాస్త్ర చట్టాల రచనలో పెద్ద చెయ్యి వేసుకున్నాడు. పగలు చట్టాలు రాసిన ఆ మనిషి మిగిలిన వేళల్లో పాత ఐరిష్ వ్రాతప్రతులు పరిష్కరించేవాడు. కార్మక్ నిఘంటువనే మధ్యయుగపు ఐరిష్ పదకోశానికి ఆయన పరిష్కరించిన ప్రతి 1868లో అచ్చయింది కలకత్తాలో! ఐర్లండు తన పాత మాటల అర్థం తెలుసుకోవడానికి హుగ్లీ ఒడ్డున అచ్చయిన పుస్తకం తెప్పించుకోవలసి వచ్చింది.

ఈ మూడు భాషల వరసలూ కాగితం మీద రాసుకుని చూస్తే నాకు బాగా నచ్చిన సంగతి వేరొకటి. సొంత వరస ఎక్కడిదాకా బతికింది అన్నది. జపనీసులో హితొరి, ఫుతరి రెండే సొంత మాటలు. మూడునించీ చైనానించి తెచ్చుకున్న 'నిన్' వచ్చి కూర్చుంటుంది. పూర్వం మితరి, యొతరి అని ముగ్గురికీ నలుగురికీ కూడా సొంత మాటలుండేవి, వాడుకలోంచి జారిపోయాయి. ఐరిష్‌లో పదిదాకా నిక్షేపంగా ఉంది. పదకొండుకి తెగుతుంది, పన్నెండుకి మళ్ళీ ఒక సొంత మాట పలుకుతుంది. మనకి ఏడుగురి దాకా నడిచి, ఎనిమిదో మనిషి దగ్గిర 'మంది' వస్తుంది: ఎనిమిదిమంది, తొమ్మిదిమంది, పదిమంది. మాట్లాడే తమిళంలో అయితే "రెండు పేర్, మూణు పేర్" అనడం మామూలైపోయింది. ఆ లెక్కన మన ఇళ్ళల్లో పసిపిల్లలు కూడా అలవోకగా "ఆరుగురం" అనడం చిన్న విషయం కాదు.

పాత తెలుగులో ఎనిమిది దగ్గిర తెగేది కాదు. ఎనమండుగురు, తొమ్మండుగురు, పదుగురు ఉండేవి. 'పదుగురు' ఇప్పటికీ "పదుగురిలో పరువు పోయింది" లాంటి వాడుకల్లో మిగిలింది. లెక్కపెట్టడానికి మాత్రం వాడం.

ఏడు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత ఐరిష్‌లో ఏడుగురిని 'మోర్‌ఫెషర్' అనేవారు. అంటే 'పెద్ద ఆరుగురు'. ఇవాళ బళ్ళో నేర్పేది 'షఖ్తర్' అయినా, 'మోర్‌హెషర్' అనే రూపం నిఘంటువుల్లో ఇంకా ఉంది. ఇది చదవగానే నాకు మా ఊళ్ళో ధాన్యం కొలిచేవాళ్ళు గుర్తొచ్చారు. మొదటి కుంచం పొయ్యగానే 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. తరవాత రెండు, మూడు అని వెళ్ళి, ఆరయ్యాక 'ఏడు' అనకుండా 'ఆరున్నొకటి' అంటారు. ధాన్యం ఇంటికొచ్చే వేళ 'ఏడు' అన్న మాట, ఏడుపు మాట, నోట రాకూడదని. పిల్లాడు ఏడుపు మొదలుపెడితే "ఆరున్నొక్క రాగం అందుకున్నాడు" అని మనం వేళాకోళం చేసేది ఇందులోంచే వచ్చింది. జపనీసు వాళ్ళకి ఈ భయం నాలుగుతో. 'షి' అంటే నాలుగూ అవుతుంది, చావూ అవుతుంది. అందుకే నలుగురు మనుషుల్ని 'షినిన్' అనరు, 'యొనిన్' అంటారు. ఇది చెప్పగానే మా అమ్మాయి మొహం వెలిగింది. అంతవరకూ బట్టీ పట్టిన మినహాయింపుకి ఒక కారణం దొరికింది.

ఇక 'సాంబోన్' గొడవ. 'సన్'లో 'న్' తగలగానే 'హోన్' కాస్తా 'బోన్' అవుతోంది. మావాడి ఐరిష్ పుస్తకంలో గుర్రం 'కాపల్'. మూడు గుర్రాలు 'త్రీ ఖాపల్'. ఏడు గుర్రాలు 'షఖ్త్ గాపల్'. క, ఖ, గ! చిన్నప్పుడు ఛందస్సూ సంధులూ అంటే పారిపోయిన నేను ఇక్కడ కుర్చీలోంచి లేచాను. ఐరిష్‌లో ఏడు, తొమ్మిది, పది అనే మాటల చివర ఒకప్పుడు అనునాసికం ఉండేది. లాటిన్ సెప్టెమ్, డెకెమ్‌లలో ఆ 'మ' ఇంకా కనిపిస్తుంది. ఎనిమిదికి మొదట్లో లేదు, ఏడు పక్కన ఉండి ఉండి దానికీ అంటుకుంది. ఆ అనునాసికం తాను అరిగిపోతూ పక్కనున్న 'క'ని 'గ' చేసిపోయింది. మన ద్రుతం చేసే పని కూడా ఇదే కదండీ. 'వచ్చెన్' పక్కన 'కాకి' వస్తే 'వచ్చెఁగాకి' అవుతుంది. నకారం పోతుంది, దాని గుర్తుగా పరుషం సరళమవుతుంది. మా తెలుగు మాష్టారు సరళాదేశ సంధి చెప్పినప్పుడు "దీని వల్ల ఏం ఉపయోగమండీ?" అని వెనక బెంచీలోంచి అడిగింది నేనే. ముప్ఫై ఏళ్ళ తరవాత డబ్లిన్‌లో జవాబు దొరికింది.

మనకి జపనీసు వాళ్ళలాగా ప్రతి వస్తువుకీ లెక్కమాట తప్పనిసరి కాదు. "మూడు పెన్సిళ్ళు" అంటే చాలు. కానీ మన దగ్గిర ఆ సరుకు లేదనుకుంటే పొరపాటే. ముంజెలు పుంజీల్లెక్కన, అంటే నాలుగేసి చొప్పున. పువ్వులు మూరల్లెక్కన. అరటిపళ్ళు గెల, అత్తం. తోటకూర కట్ట, గడ్డి మోపు, చెప్పులు జత, ఎద్దులు జోడు, చింతపండు పిడికెడు, బియ్యం దోసెడు. ఇక్కడ సూపర్ మార్కెట్లో అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కిలోల్లెక్కన ఉండేటప్పటికి మన పిల్లలకి ఇవి వినే అవకాశమే లేదు. ఈ లెక్కమాటలు భాషల మధ్య కూడా వలస పోతాయి. కాల్డ్వెల్ పుస్తకానికి సరిగ్గా నూరేళ్ళకి, 1956లో, ఎమెనో అనే భాషావేత్త భారతదేశమంతా ఒకే భాషామండలం అని వాదిస్తూ ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. దానికి ఆయన ముఖ్యంగా తీసుకున్న సాక్ష్యం ఈ లెక్కమాటలే. పుట్టుకలో సంబంధం లేని భాషలు ఇరుగుపొరుగున బతికి, లెక్కపెట్టే పద్ధతి ఒకదాని దగ్గిర ఒకటి నేర్చుకున్నాయని చూపించాడు.

లెక్కపెట్టడమనేది ఈ దేశంలో ఒక చేదు పనికి కూడా వాడారు. ఐరిష్‌లో 'స్కోర్' అంటే గాటు, ఇరవై అని కూడా అర్థం. ఐరిష్ వాళ్ళు పూర్వం ఇరవైల్లోనే లెక్కపెట్టేవారు. నలభైకి ఇవాళ్టికీ వాడే 'దాహద్' అంటే రెండిరవైలు. మన పుట్టికి ఇరవై తూములన్నట్టే. కర్రమీద గాట్లు పెట్టి లెక్క తెలుసుకునే ఆ అలవాటు పందొమ్మిదో శతాబ్దంలో పిల్లల మెడలోకి వచ్చింది. దాన్ని 'బాటా స్కోర్', గాట్ల కర్ర, అనేవారు. పిల్లాడు ఇంట్లో ఐరిష్ మాట ఒకటి పలికితే కర్రమీద ఒక గాటు. బళ్ళో మాష్టారు గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు వేసేవాడు. సర్ విలియం వైల్డ్, ఆస్కార్ వైల్డ్ తండ్రి, 1852లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి సంఘటన ఒకటి రాశాడు. అందులో గాటు పెట్టేది పరాయివాడు కాదు, కన్నతండ్రి. ఆ తండ్రికి ఐరిష్ మీద పగ లేదు, బహుశా ఆయనకి వచ్చిన భాష అదొక్కటే. 1831లో మొదలైన నేషనల్ స్కూళ్ళలో చదువంతా ఇంగ్లీషులో. 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన కరువులో పదిలక్షల మంది పోయారు, ఇంకో పదిలక్షల మంది ఓడలెక్కారు. బిడ్డ బతకాలంటే ఇంగ్లీషు రావాలి, అంతే ఆ తండ్రికి తెలిసింది. 1851 జనాభా లెక్కల్లో ఐరిష్ మాట్లాడేవాళ్ళు సుమారు 15 లక్షలు, జనంలో 23 శాతం. 1891కి 6,80,000, అంటే 14.5 శాతం. ఆ తరవాత రెండేళ్ళకి డగ్లస్ హైడ్ మొదలైనవాళ్ళు గేలిక్ లీగ్ స్థాపించి, పోతున్నదాన్ని పట్టుకోవాలని చూశారు. మావాడి చేతిలో ఐరిష్ పాఠ్యపుస్తకం ఉండడానికి అసలు మూలం అక్కడుంది.

ఆ గాట్ల కర్ర గురించి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. శిశు పాఠశాల సలహా విన్న ఆ రెండేళ్ళూ, వాడు తెలుగులో ఏదన్నా అంటే మేం ఇంగ్లీషులో జవాబు చెప్పిన రోజులన్నీ గుర్తొచ్చాయి. మా చేతిలో కర్ర లేదు, నిజమే.

జపాన్ మాట వచ్చింది కాబట్టి లాఫ్కాడియో హెర్న్ గురించి చెప్పాలి. గ్రీకు తల్లికీ ఐరిష్ తండ్రికీ 1850లో పుట్టి, రెండేళ్ళ వయసులో డబ్లిన్ వచ్చి, తల్లి వెళ్ళిపోగా నాయనమ్మ వరసయ్యే పెద్దావిడ దగ్గిర రాత్‌మైన్స్, లీసన్ స్ట్రీట్ వైపు పెరిగాడు. 1890లో జపాన్ చేరి మత్సుఎ ఊళ్ళో ఇంగ్లీషు పంతులయ్యాడు, సెత్సు అనే ఆవిణ్ణి పెళ్ళాడాడు, 1896లో జపాన్ పౌరుడై కోయిజుమి యకుమో అయ్యాడు. జపాన్ దయ్యం కథల్ని ప్రపంచానికి చెప్పిన ఈయనకి జపనీసు సరిగ్గా వచ్చేది కాదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ విభక్తులు రాలిపోయిన ఒక ముక్కల జపనీసు కల్పించుకుని, అందులోనే కాపరం చేశారు. 'హెర్న్‌గారి భాష' అని ఇంట్లో దానికి పేరు. కథలన్నీ ఆవిడ ఆయనకి చెప్పింది ఆ ముక్కల భాషలోనే. 2015లో ట్రామోర్‌లో ఆయన పేరు మీద జపనీసు తోట తెరిచారు, సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళాం. ఆ ఇంటి భాష సంగతి విని మా ఆవిడ "మనింట్లో మాట్లాడేది కూడా అదేగా" అంది. కారులో అందరం నవ్వాం. "బాగ్ తీసుకుని కార్‌లో పుట్ చెయ్యి" అని అప్పుడే అన్నది నేను.

శనివారాలు మా ముందుగదిలో చుట్టుపక్కల పిల్లలకి తెలుగు చెబుతుంటాను. ఇప్పుడు మొదటి పాఠం అంకెలు కాదు. బల్లమీద చెంచాలు, పళ్ళు, బొమ్మలు పెట్టి, పిల్లల్ని కూడా నిలబెట్టి కలిపి లెక్కపెట్టమంటాను: మూడు చెంచాలు, ముగ్గురు పిల్లలు, రెండు జతల బూట్లు, ఇద్దరు అమ్మలు. ఐరిష్ వచ్చిన పిల్లలు తొందరగా పట్టుకుంటారు. కాస్త పెద్దయ్యాక ఈ దేశం వచ్చి ఐరిష్‌నుంచి మినహాయింపు తీసుకున్న పిల్లలకి తెలుగు ఎలాగూ ఉంటుంది. ఒక్కచోట మాత్రం నేనే తడబడ్డాను. ఒక పాప తన రెండు ఎలుగుబంటి బొమ్మల్ని "ఇద్దరు" అంది. బొమ్మలకి 'రెండు' అనాలి తల్లీ అన్నాను. "అవి మాట్లాడతాయి" అంది. పంచతంత్రంలో కాకినీ ఎలుకనీ తాబేలునీ లేడినీ మనమే కదా నలుగురు స్నేహితులన్నాం! ఆ పాపదే ఒప్పని అంగీకరించాను.

కిందటి వేసవిలో మా అత్తగారు వచ్చారు. ఒక ఆదివారం మా పక్కింటి కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. కంచాలు పెడుతూ మావాడు "ఎనిమిదిమంది అమ్మమ్మా" అన్నాడు, అడక్కుండానే.

"ఎనమండుగురం" అన్నారావిడ పప్పు కలుపుతూ.

వాడు ఆగిపోయాడు. నేను కూడా. ఆ మాట నేను పుస్తకంలో చదవడమే తప్ప ఒక మనిషి నోట వినలేదు. మా నాయనమ్మ అలాగే అనేది అని చెప్పారావిడ మామూలుగా. వాడు పరుగున వెళ్ళి ఐరిష్ కాపీ తెచ్చి, 'ఒఖ్తర్' ఎదురుగా ఆ మాట రాసుకున్నాడు. "తొమ్మిదైతే?" అన్నాడు. "తొమ్మండుగురు." "పదైతే?" "పదుగురు." ఐరిష్‌లో పదిదాకా ఉన్న తొమ్మిది వరసలూ నిండాయి. వాడికి ఆశ తీరలేదు.

"మరి పదకొండో మనిషొస్తే అమ్మమ్మా?"

"పప్పు చాలదురా" అన్నారావిడ.